మొన లేని చాకు

"చప్పుడు గాకుండ తెరుచుకునే చాకు ఉన్నదా?"

బోరబండ అంగడిలో గోనెసంచి మీద చాకులు పరిచి అమ్ముతున్న బాలనర్సయ్య తలెత్తి చూశాడు. ఎదురుగా నెరిసిన మీసాల ముసలాయన. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

అది 1948 ఎండాకాలం. ఏ ఊరి మీద ఎప్పుడు ముఠా పడుతుందో తెలియని రోజులు. వచ్చినవాళ్లంతా పొడుగు చాకులే అడుగుతున్నారు.

"దొంగతనానికి పోతవా ఏంది?" పక్కనే పెద్ద చాకు బేరమాడుతున్న లింగమూర్తి నవ్వాడు.

ముసలాయన ఒక్కో మడత చాకునూ ఎడమ చేత్తో తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని మూశాడు. చివరికి అన్నిటికన్నా చిన్నది తీసుకున్నాడు.

"జర దీని మొన అరగదీసి గుండ్రంగ చెయ్యి."

"మొన లేకుంటే ఎవర్ని పొడుస్తవ్?"

"ఎవర్నీ పొడువద్దనే."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

"పిరికోడు" అన్నాడు లింగమూర్తి, ఆయనకు వినపడేలాగే.

బాలనర్సయ్య కూడా నవ్వుకుంటూనే మొనను సానరాయి మీద అరగదీసి ఇచ్చాడు.

నెల తిరగకముందే ముఠా వచ్చి పడింది. లింగమూర్తి పెద్ద చాకు మొదటి దెబ్బకే వాళ్ల చేతుల్లోకి పోయింది. దొరికిన మగవాళ్లందరినీ గచ్చిబౌలి అవతల ఓ పాడుబడ్డ కొట్టంలో, చేతులు వెనక్కి విరిచి కట్టి పడేశారు. తాళ్లు చర్మంలోకి దిగబడ్డాయి.

మిట్టమధ్యాహ్నం కావలివాళ్లు అన్నాలకు కూర్చున్నారు.

బాలనర్సయ్య మణికట్టుకూ తాడుకూ మధ్య చల్లటి ఇనుము జారింది. తాడు తెగింది. చర్మం మీద గీత కూడా పడలేదు.

తిరిగి చూస్తే ఆ ముసలాయన!

"నువ్వా?"

"మాట్లాడకు. ఎనక గోడ దుంకి ఉరుకు."

"మరి నువ్వు?"

"ఇంక ఇద్దరున్నరు."

ఆయన పక్కకు జరిగి లింగమూర్తి కట్లు కోయసాగాడు.

అందరూ బయటపడ్డారు. గుట్టల్లో పడి పరుగెడుతుంటే వెనక తుపాకి పేలింది. ముసలాయన మాత్రం రాలేదు.

ముఠాల పీడ విరగడయ్యాక బాలనర్సయ్య, లింగమూర్తి ఊరూరా అడుగుతూ పోయి బాచుపల్లిలో ఆయన ఇల్లు పట్టుకున్నారు. పేరు ఐలయ్య అని అప్పుడే తెలిసింది.

ఆయన భార్య కనకలక్ష్మి చాప వేసి, నీళ్లిచ్చింది.

లింగమూర్తి తల ఎత్తలేకపోయాడు. "పిరికోడన్న నోరు ఇది. మేం ఆయనకు ఏమైతమని ప్రాణమిచ్చిండమ్మా?"

కనకలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మా ఆయన తాళ్లు పేనెటోడు, బిడ్డా. ముఠావాళ్లు బెదిరిచ్చి మోపులకు మోపులు పేనిపిచ్చుకున్నరు. ఇయ్యవోయినప్పుడల్ల ఎవరో ఒకరిని ఇడిపిచ్చి వస్తుండె."

ఆమె వాళ్ల మణికట్ల మీది మచ్చలు చూసి, మెల్లగా అంది.

"మీ చేతులకు కట్టినయి గూడ ఆయన పేనిన తాళ్లే."