సూదిమచ్చలు

"తలుపు తీయే! చస్తాండా!"

లోపల మత్తయి తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. బయట గొళ్లెం పట్టుకొని అతని పెళ్లాం మణెమ్మ నిలబడింది.

నాపరాయి కాలి మీద పడ్డప్పుడు నొప్పికని మొదలైన సూదిమందు, కాలు నయమైనా మత్తయిని వదల్లేదు. ఆళ్లగడ్డ చర్చి సంఘమంతా దయ్యం పట్టిందంది. మణెమ్మ మాత్రం సూది మాన్పించి, గది గొళ్లెం పెట్టి నంద్యాల ఆసుపత్రికి కబురు పెట్టింది.

డాక్టరు జాడ లేదు. మాసిన చొక్కాతో, పచ్చబడ్డ కళ్లతో ఎవరో బక్కమనిషి వచ్చాడు.

"నేను కూర్చుంటా తల్లీ, ఆయన కాడ."

ఉపవాస ప్రార్థనకు వచ్చిన పొరుగూరాయన అనుకొని మణెమ్మ గొళ్లెం తీసింది.

అతను మత్తయి తల ఒళ్లో పెట్టుకొని ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించాడు.

"దుప్పటి తగిలినా అంత మంటేందప్పా?" మణెమ్మ అడిగింది.

"నొప్పికి మన మెదడే సొంతంగా మందు చేసుకుంటాదమ్మా. ఈ మధ్యనే తెలిసిందిది. బయటి మందు దండిగా వస్తాంటే మెదడు పని తప్పుతాది. ఇప్పుడు బయటిదీ లే, లోపలిదీ లే. అది మళ్లా దోవలో పడేదాకా ఓర్చుకోవల్ల."

చొక్కా చెయ్యి తడుస్తుంటే పైకి మడిచాడు. మోచేతి దగ్గర వరసగా సూదిమచ్చలు.

మణెమ్మ తమ్ముడు జకరయ్య చూడనే చూశాడు.

"అక్కా, సూదులమ్మేటోడు వీడే!"

ఆ మనిషి ఏదో చెప్పబోయాడు. జకరయ్య గొంతు పట్టుకొని వీధిలోకి ఈడ్చాడు. మణెమ్మ ఆపకపోగా మొహాన ఊసింది.

అతను మొహం తుడుచుకోలేదు.

"ఒక్క మాట ఇను తల్లీ. ఎంత ఏడ్చినా పాత మోతాదు వేయొద్దు. ఒళ్లు దాన్ని మర్చిపోతాంది. ఇప్పుడేస్తే ఊపిరి నిలిచిపోతాది."

రెండు మూడు రోజులైనా ఆగని మత్తయి ఏడుపు వినలేక జకరయ్యే ఎక్కణ్ణుంచో మందు నింపిన సూది తెచ్చాడు.

"ఒక్కటేసి పండుకోబెడదాంక్కా!"

మణెమ్మ మొగుడి చెయ్యి పట్టుకొని చాపింది. అంతలో ఆ మనిషి చెప్పిన మాట గుర్తొచ్చింది. సూది లాక్కొని రాతికేసి కొట్టింది.

మత్తయి బతికాడు. నూర్పిళ్లయ్యాక మణెమ్మ నంద్యాల ఆసుపత్రికి పోయి, నర్సు సలోమితో నిష్ఠూరమాడింది.

"మీ డాక్టరు రాకపాయె. దోవన పోయే మనిషి మాటతో నా మొగుడు నిలబడినాడు. పాపిష్టిదాన్ని, ఆయన మొహాన ఊసినా. కాళ్లు పట్టుకుందామని ఎతుకుతాండా. మోచేతికాడ సూదిమచ్చలుంటాయి, చూసినావామ్మా?"

సలోమి కళ్లు దించుకుంది.

"ఆయన కామెర్లు ముదిరి చనిపోయినాడమ్మా."

"నీకెట్ల తెలుసు ఆయన?" మణెమ్మ సలోమి చెయ్యి పట్టుకుంది.

"నీ కబురు రాంగానే, 'ఆ బాధ పడి బయటపడినోణ్ణి, నేనే పోతా' అని జబ్బుతోనే మీ ఊరి బస్సెక్కినాడు మా డాక్టరు."