చల్లటి గది

"ఎవరమ్మా నువ్వు? ఆ దోటి కింద పెట్టు!"

హెడ్మిస్ట్రెస్ రాజరాజేశ్వరి కేకేసింది.

బడి రేకుల మీద కప్పిన తడి తాటాకుల్ని ఎవరో ముసలామె దోటితో లాగి కింద పడేస్తోంది.

"మన ఊరి మనిషి కాదండీ. పొయ్యిలోకని వచ్చుంటది. తడాకుతో ఎట్టా అంటిస్తదో మరి!" అన్నాడు ఉమాకాంతం మాస్టారు.

పొద్దుటి నుంచీ ఊరంతా ఆ పనిమీదే ఉంది. పక్కా బడి కట్టించమని అర్జీలు పెట్టగా పెట్టగా, ఇన్నాళ్ళకు బెజవాడ నుంచి ఇంజనీరు గదులు చూడటానికి వస్తున్నాడు. వచ్చిన పెద్దమనిషి ఉడికిపోకూడదని రేకుల మీద తాటాకులు పరిచి, బిందెలతో నీళ్ళు పోశారు. నందిగామ షామియానా షాపు నుంచి పెద్ద ఫ్యాను కూడా తెచ్చారు.

"తీసెయ్యండమ్మా," అంది ముసలామె. "రేకు వేడి ఆయన నెత్తిన కూడా పడనీండి."

"ఇంటికొచ్చినోళ్ళని ఎండబెడతామా? మర్యాద తెలీదనుకున్నావా మాకు?" అంది రాజరాజేశ్వరి.

"రోజూ మీ పిల్లలు కూచోట్లా? ఆయన్నీ ఒక్క గంట అట్టాగే కూచోనీండి."

"జీపొచ్చే టైమైంది మేడమ్!" ఉమాకాంతం ముసలామె చెయ్యి పట్టుకున్నాడు. "పద పద."

"నా మాట వినయ్యా. సారుతో నేను..."

"సారుకి నీతో ఏం పని?"

పోతూ పోతూ ఆమె తరగతి గుమ్మంలో ఆగింది. ముందు వరసలో కూర్చున్న పిల్ల తల నిమిరింది.

"నీళ్ళు తాగతా ఉండు తల్లీ."

ఉమాకాంతం ఆమెను రోడ్డు దాకా నడిపించి, జగ్గయ్యపేట బస్సెక్కించి వచ్చాడు. లాగేసిన ఆకుల్ని మళ్ళీ పైకెక్కించారు.

ఇంజనీరు వచ్చాడు. ఫ్యాను కింద కూర్చుని కొబ్బరినీళ్ళు తాగాడు.

"మా ఆఫీసు కంటే చల్లగా ఉందే!"

రాజరాజేశ్వరి మురిసిపోయింది.

"ఇంతకంటే అధ్వాన్నంగా ఉన్న బళ్ళు చాలా ఉన్నాయమ్మా. ఈసారి వచ్చిన డబ్బు ముందు వాటికివ్వాలి."

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది.

"రోజూ ఇట్టా ఉండదండీ! పిల్లలు సొమ్మసిల్లి పడిపోతన్నారు. ఆ తాటాకులు, ఫ్యాను మీకోసం..."

"అందరూ అదే అంటారమ్మా. నేను చూసిందే రాయాలి కదా."

బయటికొచ్చి జీపెక్కబోతూ అటూ ఇటూ చూశాడు.

"ఆరోగ్యమ్మగారు రాలేదా?"

"ఎవరండీ?"

"చందర్లపాడు వైపు పెద్దావిడ. రోజూ మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఈ బడి చూసి తీరాలని పోరింది ఆవిడే. నేనొచ్చేసరికి ఇక్కడే ఉంటానంది."

రేకు అంచు నుంచి నీటి బొట్టొకటి రాజరాజేశ్వరి భుజం మీద పడింది. చల్లగా ఉంది.

"ఆవిడకి మా ఊళ్ళో... ఎవరున్నారండీ?" మెల్లిగా అడిగింది.

"ఎవరూ లేరమ్మా," అన్నాడాయన. "ఇలాంటి రేకుల బడిలోనే, వడదెబ్బ తగిలి పోయిన పిల్లకి అమ్మమ్మ ఆవిడ."