దర్జీ కుట్టిన దయ్యం గౌను

ఆ పొద్దున ఆకాశం మూతి ముడుచుకుందే గానీ చినుకు రాల్చలేదు. హీరో అలిగి వెళ్లిపోవడంతో, ఆ చిన్న దయ్యం సినిమాకు దుస్తులు కుట్టే దర్జీనే హీరోను చేశారు. రాత్రయినా అతని అరుపులో భయం పలకలేదు.

“ఈసారీ ఇంతే అయితే, సినిమా అటకెక్కినట్టే మాస్టారూ!” అన్నాడు దర్శకుడు.

దీపాలు తగ్గాయి. మెట్ల మీంచి దయ్యం చప్పుడు లేకుండా దిగింది. దయ్యం వేషం వేసే దర్శకుడి పొట్టి బావమరిది కోసం నేల ఊడ్చేలా కుట్టిన తెల్లగౌను, ఇప్పుడు మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. దర్జీ గొంతు చించుకుని అరిచాడు.

“అదీ! అదరగొట్టారు మాస్టారూ!”

అంతలో బావమరిది కళ్లు నులుముకుంటూ వ్యాను దిగాడు. “కునుకు పట్టేసింది బావా. నా గౌనేదీ?”

దర్శకుడు గబగబా అందరినీ భోజనాలకు పిలిచాడు. అందరూ వరసగా కూర్చుని తలెత్తకుండా తిన్నారు. వరస చివర కూర్చున్న తెల్లగౌనుకు వడ్డించింది మాత్రం దర్జీ ఒక్కడే.