నలుగురు కూర్చునే బల్ల

ఓడ స్టాక్‌హోమ్ రేవు వదిలి పావుగంట కూడా కాలేదు. టోర్కెల్ అప్పటికే కాలుగాలిన పిల్లిలా మూడు అంతస్తులు తిరిగొచ్చాడు.

కూతురు హెడ్డా మాత్రం క్యాబిన్లో పై మంచమెక్కి, ఫోన్ పట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల. ఒక వారం తండ్రి దగ్గర, ఒక వారం తల్లి దగ్గర. ప్రతి సోమవారం సంచి సర్దుకుని ఇల్లు మారుతుంది. ఏ ఇంట్లో ఉన్నా గది తలుపు మూసే ఉంటుంది.

"తొమ్మిదో అంతస్తులో మీ వయసు వాళ్లకని ఒక గది ఉందట. వెళ్లి చూడు."

"నేనిక్కడ బాగానే ఉన్నాను నాన్నా."

"నలుగురితో కలవాలమ్మా."

"ఆ నలుగురూ నాకోసం ఏడుస్తున్నారా ఏమిటి?"

ఆదివారం పొద్దున ఓడ మళ్లీ ఇదే రేవుకు చేరుతుంది. ఈ నాలుగు రోజుల్లో పిల్లకు ఒక్క స్నేహం కుదరాలి. ఆ దిగులుతో అతనికి వారం నుంచి సరిగా నిద్ర లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర వాళ్లకు నలుగురు కూర్చునే బల్ల వచ్చింది. అప్పటికే అక్కడ పెర్నిల్లా అనే ఆవిడ, ఆవిడ కూతురు టూవా కూర్చుని ఉన్నారు. టూవా హెడ్డా కన్నా ఏడాది పెద్ద.

"ఇక్కడ ఖాళీ..." అన్నాడు టోర్కెల్.

"ఖాళీయే, కూర్చోండి" అంది పెర్నిల్లా, అతను అడగడం పూర్తికాకముందే.

పిల్లలిద్దరూ ఒకరినొకరు ఒక్కసారి చూసుకుని పళ్లేల్లోకి తలలు దించారు. టోర్కెల్ వాతావరణం గురించి చెప్పాడు. కాసేపాగి మళ్లీ అదే చెప్పాడు. పెర్నిల్లా నవ్వాల్సిన దానికన్నా ఎక్కువే నవ్వింది. కాఫీ వచ్చాక అతను ఓట్స్ పాల కూజా ఆవిడ ముందుకు జరిపాడు. హెడ్డా ఫోన్లోంచి ఒకసారి తలెత్తి, మళ్లీ దించేసింది.

రెండో రోజు బతిమాలి, బామాలి కూతుర్ని తొమ్మిదో అంతస్తుకు పంపాడు. పెద్దవాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. గుమ్మం దగ్గర మెల్కెర్ అనే కుర్రాడు కాపలా.

"మీరిలా అద్దానికి ముక్కు ఆనించి నిలబడితే లోపల ఎవరూ ఎవరితోనూ మాట్లాడరండీ" అన్నాడు మెల్కెర్.

"ఊరికే ఇటు పోతూ చూశాను."

"పొద్దుటి నుంచి నాలుగోసారి పోతున్నారు."

లోపల హెడ్డా ఒక మూల, టూవా ఇంకో మూల. మధ్యలో ఖాళీ పింగ్‌పాంగ్ బల్ల. టోర్కెల్‌కు ప్రాణం ఉసూరుమంది.

పైకి వెళ్తే, ఓడ అంచున రెయిలింగు దగ్గర పెర్నిల్లా కనిపించింది.

"ఏమన్నా కదలిక ఉందా?" అని అడిగింది.

"ఎక్కడిది? మీ అమ్మాయి ఏమంటోంది?"

"మా దానికి మీ పిల్ల నవ్వు నచ్చలేదట."

"మాది నవ్విందా అసలు?"

"నవ్వలేదనే నచ్చలేదట."

"ఇంకా రెండు రోజులుంది లెండి."

"రెండే రోజులుంది" అంది పెర్నిల్లా. ఈసారి నవ్వలేదు.

మూడో రోజు చిన్న విచిత్రం జరిగింది. మాల్మో ఊరి నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు పాటల పోటీకి రమ్మని హెడ్డాను లాక్కెళ్లారు. హెడ్డా పాడింది కూడా. గొంతు ఘోరంగా ఉన్నా జనం చప్పట్లు కొట్టారు. కన్నతండ్రి ఎగిరి గంతెయ్యాలి. టోర్కెల్ మొహం ఇంకా వేలాడిపోయింది.

"వాళ్లు మంచి పిల్లలేనమ్మా. కానీ ఆ టూవా ఒక్కతే కూర్చుంది. పాపం, పిలవచ్చుగా."

"నాన్నా, నువ్వు స్నేహితుల్ని వెతుకుతున్నది నాకా, టూవాకా?"

టోర్కెల్ చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ, గాలి పెరిగిందన్నాడు.

నాలుగో రోజు శనివారం. స్వీడన్‌లో వారానికోసారి పిల్లలు మిఠాయిలు కొనుక్కునే రోజు. టోర్కెల్ లేచేసరికి పై మంచం ఖాళీ. ఫోన్ దిండు మీదే ఉంది. ఫోన్ వదిలేసి హెడ్డా ఎక్కడికీ వెళ్లదు. తొమ్మిదో అంతస్తులో లేదు, ఈతకొలను దగ్గర లేదు, దుకాణంలో లేదు. మెట్ల మీద పెర్నిల్లా ఎదురైంది. టూవా కూడా కనిపించడం లేదట.

"మనం మరీ బలవంతపెట్టామేమో" అంది ఆవిడ.

టోర్కెల్‌కు భయం వేసింది. మధ్యాహ్నం దాకా ఓడంతా గాలించి, చివరికి ఇద్దరూ వచ్చి అదే బల్ల దగ్గర కూలబడ్డారు. కాఫీలు చల్లారిపోయాయి. ఇద్దరి కళ్లూ గుమ్మం మీదే ఉన్నాయి.

మూడింటికి పిల్లలు వచ్చారు. కలిసే వచ్చారు. ఇద్దరికీ కలిపి ఒకటే మిఠాయి సంచి. హెడ్డాకు పడని, ఉప్పగా ఉండే నల్ల మిఠాయిలన్నీ ఏరి టూవా తన నోట్లో వేసుకుంటోంది. ఎదురుగా పక్కపక్కనే కూర్చున్నారు. పెద్దవాళ్లిద్దరూ ఊపిరి బిగపట్టారు.

"నువ్వే చెప్పు" అని టూవా మోచేత్తో పొడిచింది.

హెడ్డా నములుతున్నది మింగి, ఓట్స్ పాల కూజా అందుకుని పెర్నిల్లా ముందు పెట్టింది.

"పెర్నిల్లా ఫోన్లో టూవా కంటపడిన, మీరిద్దరూ కలిసి తీసుకుంటున్న ఇంట్లో పై గది నాకు, తోట వైపు గది టూవాకు అని తేల్చేసుకున్నాం గనక, నేను అమ్మ దగ్గర్నుంచి వచ్చే ప్రతి సోమవారం మన ఫ్రిజ్‌లో వెనక దాచిపెట్టి ఉండే పెర్నిల్లా ఓట్స్ పాల డబ్బాని ఇక ముందుకు పెట్టెయ్ నాన్నా."