చెప్పుల్లేని అడుగులు

పాము తిరిగితే జాడ తెలియాలని డెల్ఫినా రోజూ మాపటివేళ అతిథులకు అద్దెకిచ్చే డేరాల చుట్టూ ఇసుకను నున్నగా సరిచేస్తుంది. ఆ రోజు శాంటా ఫే నుంచి రావలసిన అతిథులు చలికి జడిసి మానుకున్నారు. ఆ ఎడారిలో ఆమె ఒక్కతే. తన డేరా చుట్టూ కూడా సరిచేసి, నీళ్లకు వెళ్లి వచ్చేసరికి ఇసుకలో అడుగులు కనబడ్డాయి. చెప్పుల్లేని పెద్ద పాదాలు. కొండవైపు నుంచి వచ్చి ఆమె డేరాలోకే వెళ్లాయి. తిరిగి బయటికి రాలేదు.

వాకీటాకీలో మరిదిని పిలిచింది. "ఎలోయ్, ఇటుగానీ వచ్చావా?"

"నేనా? ఊళ్లో పొయ్యి దగ్గర కూచుని తింటున్నా. ఆ బూట్లు ఇస్తానంటే ఇప్పుడే వస్తా వదినా. మా అన్నని వట్టి కాళ్లతో పాతిపెట్టి, వాటిని నీ మంచం కింద దాచుకున్నావ్!" అని నవ్వాడు.

డెల్ఫినా నవ్వలేదు. ఆ తోలు వాసన పీలిస్తే గాని ఆమెకు నిద్ర పట్టదు.

గాలి ఆగిపోయింది. డేరాలో ఎవరో ఒక బూటు బోర్లించి, తేలుంటే రాలిపడేలా నేలకేసి తట్టారు. టప్. టప్.

రెండో బూటు చప్పుడు కోసం డెల్ఫినా చెవులు రిక్కించి అక్కడే నిలబడిపోయింది.