కిషన్ రావు కవితలు

కిషన్ రావు ఆటో ఎక్కనన్నాడు.

నోటితో అనలేదు. ఆయనకు అన్ని మాటలు లేవు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చేయీ కుడి కాలూ పడిపోయాయి. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. ‘కాదు’. ఆకలేసినా కాదు, నిద్రొచ్చినా కాదు. చాయ్ తాగుతవా నాన్నా అని కూతురు సంయుక్త అడిగితే, కాదంటూనే గ్లాసు కోసం ఎడమ చెయ్యి చాపుతాడు. లోపల అన్నీ తెలుస్తూనే ఉంటాయి, బయటికి ఆ మాటే వస్తుంది అన్నాడు డాక్టరు. ఎడమ చేతికి పెన్సిలిచ్చి చూశారు. గీతలే తప్ప అక్షరం కుదరలేదు.

ఇవాళ ఆటో కమ్మీ పట్టుకుని వదలడం లేదు. చివరికి సంయుక్త, డ్రైవరు కలిసి ఎత్తి కూర్చోబెట్టారు.

“నీ కోసమే అందరు వస్తున్నరు నాన్నా,” అంది సంయుక్త, చొక్కా సర్దుతూ. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

చిక్కడపల్లిలో ఓ ట్యుటోరియల్ మేడ మీద నెలనెలా మూడో ఆదివారం కవులు చేరతారు. ఆ బృందం పేరు కూడా ‘మూడో ఆదివారం’. పెద్ద పేరున్నవాళ్ల జోలికి పోరు. నారాయణగూడ పోస్టుమానో, బాగ్ లింగంపల్లి ఇల్లాలో, ఎవరో ఒకరి కవితలు తీసుకుని చదివి, పాడి, ఆడి చూపిస్తారు. గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసిన కిషన్ రావు దాన్ని ఇరవై ఏళ్లు నడిపాడు. అందరి కవితలూ దిద్దేవాడు. మీవెప్పుడు వినిపిస్తారు సార్ అంటే, నాకు వినుడే వస్తది అని నవ్వేవాడు.

ఆయన జబ్బు పడ్డాక, ఆసుపత్రి కాగితాల కోసం బీరువా వెతుకుతుంటే సంయుక్తకు ఒక అట్ట ఫైలు దొరికింది. లోపల ముప్పై ఎనిమిది కవితలు. తెలుగు టైపు మిషన్ మీద కొట్టినవి. అంచుల్లో నాన్న చేతిరాతతో దిద్దుబాట్లు. కొన్ని పంక్తుల పక్కన ‘ఇది మార్చొద్దు’ అని ఉంది.

ఆమె మంచం పక్కన కూర్చుని ఒకటి పైకి చదివింది. కిషన్ రావు ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొడుతూ కాదు, కాదు అన్నాడు. జబ్బు చేశాక ఆయనలో అంత కదలిక ఎన్నడూ చూడలేదు. ఆమెకు కళ్లనీళ్లొచ్చాయి. మర్నాడే, ఇప్పుడు బృందాన్ని చూసుకుంటున్న సూర్యప్రకాశరావుకు ఫోన్ చేసింది.

“ఎంత గుట్టు మనిషమ్మా మీ నాన్న! మన దగ్గరే దాచాడు,” అన్నాడాయన. నెల తిరిగేలోగా పుస్తకం వేయించాడు.

హాలు నిండిపోయింది. కిషన్ రావును మైకు పక్కనే కూర్చోబెట్టారు. వందన అనే అమ్మాయి మైకు ముందుకొచ్చి, కాగితం చూడకుండా చదివింది.

“బస్సు దిగినంక గూడ
కిటికీ పక్క సీటు
నాతోని ఇంటిదాక వచ్చింది.
కూసోమంటానికి
ఇంట్ల జాగ లేదు.”

చప్పట్లు మొదలయ్యేలోపే “కాదు” అన్నాడు కిషన్ రావు. మైకు దగ్గరగా ఉండటంతో అది హాలంతా వినిపించింది.

సంయుక్త లేచి, నాన్నకు మిగిలింది ఆ ఒక్క మాటేనని, సంతోషమైనా అట్లనే అంటాడని చెప్పింది. జనం కరిగిపోయారు. చప్పట్లు కొట్టారు. ఆయన మళ్లీ కాదన్నాడు. మళ్లీ చప్పట్లు. అంతకన్నా గట్టిగా అన్నాడు. ఈసారి లేచి నిలబడి కొట్టారు.

సూర్యప్రకాశరావు శాలువా కప్పితే ఎడమ చేత్తో లాగేశాడు. జారిందనుకుని మళ్లీ కప్పి, పిన్ను పెట్టారు. నీళ్లు కావాల్నా, బాత్‌రూముకు పోతవా అని సంయుక్త చెవిలో అడిగింది. ఏటి మధ్యలో మునుగుతున్నవాడు గట్టు మీది మనిషిని చూసినట్టు చూశాడు. ఆమెకేమీ అర్థం కాలేదు. మిగతా కవితలన్నీ తల వంచుకుని విన్నాడు. చెంపలు తడిసిపోయాయి. ఫోటోలు తీశారు.

అయిపోయాక ఒక్కొక్కరే వచ్చి ఆయన చెయ్యి తాకి వెళ్లారు. అందరూ పోయేదాకా ఒక పెద్దావిడ గోడవార నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. చేతిలో కొత్త పుస్తకం. ఆమె దగ్గరికి రాగానే కిషన్ రావు ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు.

“నాన్న మిమ్ముల గుర్తువట్టిండు,” అంది సంయుక్త.

“యశోదమ్మ అంటరు బిడ్డా. సార్ సెక్షన్ల తెలుగు టైపిస్టును. తొంభై ఒకట్ల వరంగల్‌కు ట్రాన్స్‌ఫరైంది, మల్ల కలువలే. పేపర్ల ఫోటో చూసి వచ్చిన.”

సంయుక్త మొహం వెలిగింది. “అయితే ఈ కవితలు టైపు చేసింది మీరేనా?”

“నేనే బిడ్డా.”

సంయుక్త ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మాకెవ్వరికీ తెలియని ముచ్చట ఇన్నేండ్లు మీకొక్కరికే తెలుసన్నమాట అని నవ్వింది. ఫోటో తీయమని సూర్యప్రకాశరావును పిలిచింది. ఆయన వచ్చి ఇద్దరినీ దగ్గరగా జరగమన్నాడు.

యశోదమ్మ పుస్తకం అట్టను అరచేత్తో తుడిచింది. కిషన్ రావు వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

“రాసింది గూడ నేనే బిడ్డా, ఎట్లున్నయో జర చూసి చెప్పుమని సార్‌కు ఇచ్చిపోయిన,” అందామె మెల్లగా.