పదో మనిషి

"ఇవాళ ఏ అత్తారింటికి తాతా ప్రయాణం?"

టికెట్ కిటికీలోంచి చిగుసా అడిగింది.

"పక్క స్టేషనుకే అమ్మాయ్," అన్నాడు ఒగిహారా తాత, ఎప్పటిలాగే.

కాళ్ళకు బురద బూట్లు, చేతిలో ఊరబెట్టిన ముల్లంగి మూట. దాని ఘాటు ప్లాట్‌ఫారమంతా.

రోజూ ఒక్క స్టేషను దూరం వెళ్తాడు. దిగి, కాలువ గట్టున నడిచి తిరిగొస్తాడు. పనీపాటా లేని ముసలాయన అని చిగుసా ఎప్పుడో తేల్చేసుకుంది.

ఆ రైలు ఒకప్పుడు ప్రభుత్వానిది. నష్టాలు మోయలేక కంపెనీకి అప్పగించారు. పొద్దుటి బండికి పదిమంది ఎక్కకపోతే స్టేషన్ మూసేస్తామని కంపెనీ ముందే రాయించుకుంది. ఈ నాగిసావ స్టేషన్లో సరిగ్గా పదిమందే ఎక్కుతారు, బడిపిల్లలతో, తాతతో కలిపి.

మర్నాడు కంపెనీ ఆఫీసరు తలలు లెక్కపెట్టడానికి వస్తున్నాడు. కడిగిన ప్లాట్‌ఫారం చూసుకుంటుంటే చిగుసాకు ఆ బూట్లు గుర్తొచ్చాయి. గట్టు వెంట తిరిగొస్తున్న తాతను ఆపింది.

"తాతా, రేపు మీరు రాకండి."

"రేపేగా ఆఫీసరొచ్చేది?"

"అందుకే. మీ బదులు మా పిన్ని ఎక్కుతుంది. నేను చూసుకుంటాలెండి."

"ఖాయంగా ఎక్కుతుందా?"

"ఎక్కుతుంది."

"అయితే సరే," అని తాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు పిన్ని పట్టు కిమోనో తీసింది. ఆఫీసరు ముందు పరువుగా ఉండాలిగా. నడుం పట్టీ ముడి నచ్చక మూడుసార్లు విప్పి కట్టింది.

ఆమె మలుపు తిరిగేసరికి రైలు కదిలింది. ఏడూ నలభై రెండంటే ఏడూ నలభై రెండే.

"అదిగోనండీ, వచ్చేసింది," అంది చిగుసా.

"ఎక్కినవాళ్ళనే రాయమన్నారండీ." ఆఫీసరు వంగి క్షమాపణ చెప్పి, తొమ్మిది అని రాసుకున్నాడు.

మంచు కరిగే నాటికి స్టేషన్ మూసేశారు.

ఆఖరి టికెట్ తాతకిద్దామని చిగుసా ఆయన ఇంటికి వెళ్ళింది. తాత పొలంలో ఉన్నాడు. గుమ్మంలో కొత్త తోలు బూట్లు, అడుగు మాయలేదు.

"ఆఫీసరొచ్చే రోజు కోసమని కొన్నాడమ్మా," అంది మామ్మ.

చిగుసా సిగ్గుతో చచ్చిపోయింది.

"పక్క స్టేషన్లో తాతకు ఏం పనుండేది మామ్మా?"

"ఏ పనీ లేదమ్మా. రైలెక్కితే ఆయనకు కడుపులో తిప్పుతుంది. అందుకే ముల్లంగి నములుతూ వెళ్ళేవాడు, మళ్ళీ ఎక్కలేక నడిచొచ్చేవాడు. ప్రభుత్వం వదిలేసింది, కంపెనీ పదిమందిని అడిగింది, ఉన్నదేమో తొమ్మిదిమంది అని ఆరేళ్ళుగా ఆ పదో మనిషి తనే అయ్యాడు."